ఒకే తాను తెల్లగుడ్డ

ముందే చెప్పేస్తున్నాను, నాకు నీళ్ళంటే భయం. గూడూరులో పుట్టాను, అక్కడే పెరిగాను, అక్కడే కుట్టుమిషను తొక్కుకుంటూ బతుకుతున్నాను. సముద్రం మాకు పక్కనే ఉన్నట్టు లెక్క. అయినా నలభై ఏళ్ళు దాటేవరకు మోకాలు మునిగేంత నీళ్ళలో దిగి ఎరగను. బావిలోకి తొంగి చూడాలన్నా ఒక చేత్తో గిలక స్తంభం పట్టుకునేదాన్ని. అలాంటి నన్ను మా సంఘం వాళ్ళు యవ్వనస్థుల వేసవి క్యాంపుకి ఆడపిల్లల మీద పెద్దదిక్కుగా పంపారు. క్యాంపు ఎక్కడంటే సముద్రం ఒడ్డున.

వెళ్ళొచ్చాక చాలామంది అడిగారు, ఎలా జరిగిందక్కా అని. బాగానే జరిగిందని ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకున్నాను. జరిగింది ఒక్క ముక్కలో తేలేది కాదు. వెళ్ళనివాళ్ళ కోసం, ముఖ్యంగా వచ్చే ఏడు పిల్లల్ని పంపాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న తల్లుల కోసం ఇది రాస్తున్నాను.

గూడూరు

క్యాంపు ఆఖరి రోజు ఆదివారం. ఆదివారం ఆరాధనకి మా ఆడవాళ్ళం తెల్లబట్టలే కట్టుకుంటాం, తల మీద ముసుగు వేసుకుంటాం. ఈసారి ఆడపిల్లలందరికీ ఒకే రకం తెల్ల చుడీదార్లు కుట్టించాలని అయ్యగారికి, అంటే మా పాస్టరు గారికి, తోచింది. దర్జీని నేనే కదా, పని నా మీదే పడింది. ఒకే తాను తెప్పించి, మడతల మీద మడతలు వేసి, చున్నీలతో సహా అన్నీ ఒక్క ఊపులో కత్తిరించాను. అలా అయితే గుడ్డ కలిసొస్తుంది, పనీ తొందరగా తెములుతుంది. అన్నీ ఇస్త్రీ చేసి వరసగా తగిలిస్తే ఏది ఎవరిదో నాకే తెలియలేదు. అంత తేడా లేకుండా వచ్చాయని మురిసిపోయాను. ఆ మురిపెం ఎందాకా వెళ్ళిందో తరువాత చెబుతాను.

మా ఇంటికి రెండిళ్ళ అవతల దీనమ్మ ఉంటుంది. నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పని. ఎప్పుడు పలకరించినా చేతులు నిమ్మకాయ వాసనే. భర్త లారీ ప్రమాదంలో పోయాడు. ఒక్కతే కూతురు, పేరు సువార్త, ఇంటరు అయిపోయింది. ఆ పిల్లని దీనమ్మ నెల్లూరు కూడా ఒంటరిగా పంపదు. క్యాంపనేసరికి ససేమిరా అంది. అయ్యగారు చెప్పినా వినలేదు. సువార్త అలిగి అన్నం మానేస్తే గానీ దిగిరాలేదు.

బయల్దేరే రోజు స్టేషనుకి వచ్చి, కూతురి చెయ్యి వదలకుండా నా దగ్గరికి తీసుకొచ్చింది.

"అక్కా, అందురూ దేవుడి మీద భారం ఎయ్యమంటా ఉండారు. ఆయన మీద ఏసి ఏసి అలిసిపొయినా. ఈసారి నీ మీద ఏస్తా ఉండా. తీసకపొయినట్టే తీసకరా," అంది.

సువార్త నవ్వి, "ఏందిమ్మా, నేనేమన్నా గాజు సామానా?" అంది.

దీనమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. రైలు కదిలాక కూడా ఆమె చెయ్యి కిటికీ ఊచ మీదే ఉంది, పక్కనే నడుస్తూ వచ్చింది.  

నెల్లూరు

మా యవ్వనస్థుల నాయకుడు ప్రభుదాసు. ముప్పై ఏళ్ళవాడు, ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. నెల్లూరు స్టేషనులో దిగగానే అతను చేసిన మొదటి పని, అందరి ఫోన్లూ తీసుకుని ఒక గుడ్డసంచిలో వేసి మూతి బిగించడం. క్యాంపులో ఫోనుండకూడదు, అది మా పద్ధతి. ఊళ్ళో ఫోన్లు బతికించేవాడు ఇక్కడ ఫోన్లు సమాధి చేస్తున్నాడని మగపిల్లలు ఒకటే ఎగతాళి.

స్టేషను బయట టిఫిను చేశాం. నెల్లూరు కారం దోసెకి మా గూడూరులో కంటే పది రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. కారం కూడా పది రూపాయలకి సరిపడా ఎక్కువే వేశారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ విడవలూరు మీదుగా పోయే బస్సెక్కాం.

బస్సులో నా పక్కన మామిడికాయల గంపతో ఒక ముసలావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగింది. చెప్పాను. పిల్లలందరి వైపూ ఒకసారి చూసి, "వీళ్ళల్లో ఈతొచ్చినోళ్ళు ఎంతమంది?" అంది.

నేను ఆలోచించాను. మాది నిమ్మతోటల ఊరు. ఈత ఎవరికొచ్చు? వెనక్కి తిరిగి ప్రభుదాసుని అడిగాను.

"మనకెందుకు ఈత? మనం ఈదను పోలేదు, పాడను పోతున్నాం," అన్నాడు.

బస్సంతా నవ్వారు. ముసలావిడ మాత్రం గంపలోంచి ఒక పుల్లమామిడికాయ తీసి నా ఒళ్ళో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "పిల్లోళ్ళని చూసుకో," అని విడవలూరులో దిగిపోయింది. ఆమె మంచి మనసుతోనే ఇచ్చింది. కానీ ఆ కాయ పట్టుకుని పిల్లల తలలు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను.

పాలెం

విడవలూరు దాటాక ఊళ్ళు పలచబడతాయి. వరికోతలు అయిపోయిన మళ్ళు, ఆ తరువాత రొయ్యల గుంటలు. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయట. అవి దాటితే సరుగుడు తోటలు. వాటి సందుల్లోంచి మొదట చప్పుడొచ్చింది, తరువాత గాలి, ఆ తరువాత సముద్రం. మగపిల్లలు కేకలు పెట్టుకుంటూ పరిగెత్తారు. నేను చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయాను. పుస్తకాల్లో సముద్రం నీలంగా ఉంటుంది. ఇక్కడ మట్టిరంగులో ఉంది, ఒక్క క్షణం కుదురుగా లేదు.

అక్కడ జాలర్ల పాలెం ఒకటుంది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం మోటారు పడవల వేట ఆపేస్తుంది. అందుకే పడవలన్నీ ఇసుకలో బోర్లించి ఉన్నాయి. మోటారు లేని చిన్న తెప్పల మీద మాత్రం కొందరు వెళ్ళొస్తున్నారు. మేము ఆడవాళ్ళం పడుకోడానికి తుఫాను షెల్టరు ఇచ్చారు. తుఫాను వస్తే పాలెమంతా తలదాచుకునే బిల్డింగు అది. గోడ మీద నడుమెత్తున ఒక చార కనిపించింది. ఏమిటని అడిగితే, ఒకసారి నీళ్ళు అంతదాకా వచ్చాయన్నారు. నా పక్క ఎదురు గోడ వారగా వేసుకున్నాను. దానివల్ల ఏం ఒరుగుతుందో నన్నడగొద్దు.

మగపిల్లలు సరుగుడు తోటలో గుడారాలు వేశారు. ఇసుకలో మేకులు దిగితే కదా నిలవడానికి! మొదటి గుడారం గాలికి లేచి ఎగురుకుంటూ పోయి రొయ్యల గుంటలో పడింది. గుంట కాపలాదారు దాన్ని వెదురుగడతో లాగుతూ మా వంశాలన్నిటినీ తలుచుకున్నాడు. చివరికి ఇసుక నింపిన గోతాలకి కట్టి నిలబెట్టారు.

సాయంత్రం ఒకామె చేపల గంపతో వచ్చింది. నా ఈడుదే. పేరు కామాక్షి. ఆకుపచ్చ వాయిలు చీర, ముక్కుకి రెండువైపులా బేసరులు. గూడూరు మార్కెట్లో అడిగే ధరలో సగానికే మట్టగుడిసె చేపలిచ్చింది. ఆ పుల్లమామిడికాయ చూసి పులుసు తనే పెడతానని కూర్చుంది. మేము చింతపండు పిసికి, మసాలా దంచి, నానా హంగామా చేస్తాం. ఆమె చింతపండు పలచగా పోసి, మామిడి ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా చట్టిని గుడ్డతో పట్టుకుని కుదిపింది, అంతే. రేపు తింటే ఇంకా బాగుంటుందని చెప్పింది. రేపటిదాకా ఉంచితే కదా!

మాటల మధ్యలో మీ ఆయన పేరేమిటని అడిగాను. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళలో మొగుడి పేరు పలకరట. సముద్రం మీదికి పోయే మనిషి పేరు అసలే పలకకూడదట. మా సంఘంలో అయితే ప్రార్థనలో ఒక్కొక్కరి పేరూ ఎత్తి మరీ అప్పగిస్తాం. ఎవరి భయం వాళ్ళది. వాళ్ళు పేరు దాచుకుంటారు, మేము పేరు చెప్పుకుంటాం.

పొద్దు వాలుతుండగా ఆడపిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్ళాను. చీలమండ దాటి దిగకూడదని గట్టిగా చెప్పాను. సువార్త సముద్రం చూడటం అదే మొదలు. అందరూ కేరింతలు కొడుతుంటే అది మాత్రం చప్పుడు చేయకుండా నిలబడింది. తరువాత నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, ఇంత ఖాళీ ఉంటదని మా అమ్మకి తెలుసా?"

 దాని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను.

ఆదివారం తెల్లవారి

మా క్యాంపుల్లో ఒక పద్ధతుంది. రోజూ తెల్లవారగానే ఏకాంత ప్రార్థన. ఒకరి మాట ఒకరికి వినిపించనంత దూరంలో విడివిడిగా కూర్చోవాలి. ముసుగు వేసుకుని కళ్ళు మూసుకోవాలి. ఎవరూ ఎవరినీ పిలవకూడదు, పలకరించకూడదు. ప్రభుదాసు పాట ఎత్తుకున్నప్పుడు అందరూ అదే పాట అందుకుంటూ తిరిగి రావాలి. ముందు రోజు అలాగే జరిగింది, వినడానికి ఎంతో బాగుంది. ఇసుకలో అక్కడక్కడా గొంతులు లేచి, దగ్గరవుతూ, ఒకే పాటగా కలిశాయి.

ఆదివారం అందరూ నేను కుట్టిన తెల్లబట్టల్లో వచ్చారు. నేనూ తెల్లచీర కట్టాను. సువార్తని నా కళ్ళెదుట ఉండేలా ఒక నీలం పడవ వారన కూర్చోబెట్టాను. కాఫీ నీళ్ళు పొంగుతున్నాయని వంటపిల్ల కేకేస్తే షెల్టరు దాకా వెళ్ళి, ఆ పని చూసి వచ్చాను. నీలం పడవ పక్కన తెల్లముసుగు అలాగే ఉంది, నాకు వీపు పెట్టి. నా మనసు కుదుటపడింది. దాని మీదే చూపు నిలిపి కూర్చున్నాను.

అప్పుడే కామాక్షి వచ్చింది. గంప లేదు. జుట్టు ముడి వేసుకోలేదు. సముద్రం వైపే చూస్తూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"ఏందమ్మే ఇది? తెల్లచీరలు కట్టి ఒడ్డున కూచున్నారా అందురూ?"

మౌనం పాటించాలని వేలు పెదవుల మీద పెట్టాను. ఆమె పట్టించుకోలేదు.

"మా ఇండ్లల్లో తెల్లచీర ఎప్పుడు కడతారో తెలుసునా నీకు? మా ఇంటాయనా, మా మరిదీ నిన్న పొద్దుగూకినాక తెప్ప ఏసకపొయినారు. ఎలుగొచ్చేతలికి రావాల. ఇంకా రాలా. గాలేమో తిరిగింది. ఈడకొచ్చి చూస్తే మీరు..." 

నాకు చచ్చేంత సిగ్గేసింది. మాకు తెల్లచీర పెళ్ళికూతురి చీర. మా దీనమ్మ పెళ్ళిలో తెల్లచీర కట్టింది, భర్త పోయాక రంగుచీరలే కడుతోంది. ఇదంతా ఆమెకి ఏమని చెప్పను? ఊదారంగు తువ్వాలు ఒకటి ఉంటే భుజాల మీదుగా కప్పుకుని, "ఏం కాదు, వచ్చేస్తారు," అన్నాను.

"నీకేం తెలుసు?" అని నా పక్కనే కూలబడింది.

నిజమే, నాకేం తెలుసు?  ఆమె నీళ్ళ వైపు చూస్తోంది. నేను నీలం పడవ పక్కన తెల్లముసుగు వైపు చూస్తున్నాను. నాది నా కళ్ళముందే ఉందనుకుని లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

ప్రభుదాసు పాట ఎత్తుకున్నాడు. నీలం పడవ పక్కన ముసుగు లేచి నిలబడి ఇటు తిరిగింది. కళ్ళజోడు ఉంది. సువార్తకి కళ్ళజోడు లేదు.

ఆ పిల్ల ఎస్తేరు.

మొగ

"సువార్త ఏదే?" అన్నాను. 

"నాకు తెలీదాంటీ. నా చోట చీమలున్నాయని ఇక్కడికొచ్చా. అప్పటికే ఎవరూ లేరు."

అందరూ పాడుకుంటూ వచ్చారు. ప్రతి ముసుగూ తీసి చూశాను. ఒకే గుడ్డ, ఒకే కుట్టు, ఒకే అంచు. ఏ ముసుగు కింద చూసినా వేరే మొహమే. పాట మధ్యలో ఆగిపోయింది.

ఒడ్డు వెంబడి ఉత్తరానికి పరిగెత్తాం. కామాక్షి కూడా మాతో వచ్చింది. కొంతదూరంలో ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. దాన్ని అక్కడివాళ్ళు మొగ అంటారు. దానికవతల ఇసుకదిబ్బలు తప్ప ఇల్లూ వాకిలీ లేదు. మొగకి ఇవతల తడి ఇసుక మీద ఒక జత చెప్పులు కనిపించాయి. గులాబీరంగు పట్టీలు. గూడూరు స్టేషనులో దీనమ్మ వంగి ఆ పట్టీలే సరిచేసింది.

చెప్పుల ముందు నుంచి అడుగుజాడలు నీళ్ళలోకి దిగాయి. అంతే. బయటికి వచ్చిన జాడ లేదు.

నీళ్ళు లోపలికి తోసుకొస్తున్నాయి, గోధుమరంగులో, సుడులు తిరుగుతూ. మా కళ్ళముందే ఒక అడుగుజాడ నిండి చెరిగిపోయింది.

"నీళ్ళు తీసే పాటులో మోకాటిలోతు ఉంటది. ఇప్పుడు పోటు ఎక్కతా ఉంది," అంది కామాక్షి. "దీన్లో పడితే లాక్కపోద్ది మ్మే."  ధైర్యం చెబుతుందేమోనని ఆమె మొహంలోకి చూశాను. నాకంటే ఎక్కువ భయపడుతోంది.

"సువార్తా!" అని అరిచాం. సముద్రం మీంచి గాలి మా అరుపుల్ని మా మొహానే కొట్టింది. ప్రభుదాసు ప్యాంటు మడుచుకుని దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో నీళ్ళు నడుం దగ్గర కొట్టి పడేశాయి. మగపిల్లలు చొక్కా పట్టుకుని ఈడ్చారు. ఇసుకలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత నవ్వు నవ్వేవాడు అలా ఏడుస్తుంటే చూడలేకపోయాం. కామాక్షి కేకలకి పాలెంలోంచి నలుగురు మగవాళ్ళు వచ్చారు. పరిస్థితి చూసి, అవతలికి దాటడానికి ఒక తెప్ప మోసుకొస్తామని వెనక్కి పరిగెత్తారు.

"ప్రార్థన చేద్దాం," అన్నాడు ప్రభుదాసు. అందరూ మోకరించారు. కళ్ళు మూసుకున్నారు. ఎస్తేరు పెద్దగా ఏడుస్తూ సువార్త పేరు ఎత్తి ప్రార్థన మొదలుపెట్టింది.

నేనూ మోకరించాను. కళ్ళు మాత్రం మూసుకోలేకపోయాను. చిన్నప్పటి నుంచి ప్రార్థనలో కళ్ళు తెరిచి ఎరగను. ఆ రోజు రెప్ప వేస్తే చాలు, గూడూరు స్టేషనులో కిటికీ ఊచ మీద చెయ్యి కనిపించింది. ఆ చేతికి ఏమని జవాబు చెప్పను? చెప్పులు తీసుకెళ్ళి ఇవ్వనా?

తెప్ప

అందరి కళ్ళూ మూసుకుని ఉన్నప్పుడు, తెరుచుకుని ఉన్నవి నావీ, కామాక్షివే. అందుకే ఇద్దరం ఒకేసారి చూశాం.

మొగ అవతల దిబ్బల వెనక నుంచి, అలలు విరిగే చోటికి బాగా లోపలగా, ఒక తెప్ప వస్తోంది. అల వచ్చినప్పుడల్లా మాయమై మళ్ళీ తేలుతోంది. దాని మీద ఒక మనిషి నిలబడి తెడ్డు వేస్తున్నాడు. అతని కాళ్ళ దగ్గర తెల్లగా ఏదో కుప్పగా పడి ఉంది. కదలడం లేదు.

కామాక్షి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇద్దురు పొయినారు," అంది. "ఒకడే నిలబడుండాడు. ఇంకొకడి మీద తెల్లగుడ్డ కప్పినారు."

తెడ్డు వేసేది మొగుడో మరిదో అంత దూరం నుంచి ఆమె పోల్చుకోలేకపోయింది. నేను ఆ తెల్లకుప్పని చూస్తున్నాను. ఆ తెలుపు నాకు తెలుసు. వారం రోజులు నా మిషను మీద ఉన్న తెలుపు అది. అయినా ఆ క్షణంలో అది నాది కాకూడదనుకున్నాను. నాది కాకపోతే ఎవరిదో నాకు తెలుసు, ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. అయినా అనుకున్నాను. భయం మనిషిని అంతకి దిగజారుస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తెప్ప అలల్లోకి వచ్చింది. ఒక పెద్ద అల దాన్ని ఎత్తి, ముందుకు తోసి, పక్కకి వాల్చింది. తెల్లకుప్ప జారింది. కామాక్షి అరిచింది. 

కుప్పలోంచి ఒక చెయ్యి వచ్చి తాడు పట్టుకుంది. ఆ తరువాత అది లేచి కూర్చుంది.

ఆ వెంటనే తెప్ప పక్కన నీళ్ళలోంచి ఇంకో తల లేచింది. కామాక్షి మరిది. ముగ్గురి బరువుకి తెప్ప ఆగదని, నీళ్ళలో దిగి, పక్కన పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడట.

నేను నీళ్ళలోకి పరిగెత్తాను. ఎంత లోతు వెళ్ళానో నాకు తెలియదు. తరువాత చూసుకుంటే జాకెట్టు దాకా తడిసింది. సువార్తని గట్టిగా పట్టుకున్నాను. అది గజగజ వణుకుతోంది, వాంతి చేసుకుంటోంది, బతికి ఉంది. దాని వీపు మీద రెండు దెబ్బలు వేశాను. మళ్ళీ పట్టుకుని ఏడ్చాను.

జరిగింది ఇంతే. అవతల ఒడ్డున ఎవరూ లేరు, ప్రార్థనకి బాగుంటుందని మోకాటిలోతు నీళ్ళలో దాటింది. దిబ్బ చాటున కూర్చుని కళ్ళు మూసుకుంది. ముందు రాత్రి పాటలతో నిద్ర లేదేమో, కునుకు పట్టేసింది. లేచేసరికి నీళ్ళు పెరిగాయి. దిగి చూసింది, ఛాతీ దాకా వచ్చేసరికి వెనక్కి పోయింది. అరిస్తే ఎవరూ పలకలేదు. సముద్రం వైపు తెప్ప కనిపిస్తే అటు పరిగెత్తి చున్నీ ఊపింది. గాలికి ఎదురొడ్డి ఇంటికొస్తున్న అన్నదమ్ములు అది చూసి మళ్ళారు. అసలే ఆలస్యమైన తెప్ప దానివల్ల ఇంకా ఆలస్యమైంది. లేస్తే తెప్ప తిరగబడుతుంది, తాడు పట్టుకుని పడుకోమన్నారట. ఉప్పునీళ్ళు కళ్ళలో పడుతున్నాయని చున్నీ మొహం మీదికి లాక్కుంది.

కామాక్షి మొగుణ్ణి ఏమీ అడగలేదు. పలకకూడని పేరు తప్ప మిగతా తిట్లన్నీ తిట్టింది. అతను తడిబట్టలతో నిలబడి అన్నీ విన్నాడు. చివర్లో, "ఆ తెల్లగుడ్డ ఊపబట్టి కనపడింది గానీ, లేకుంటే చూసేవాళ్ళమే కాదు," అన్నాడు.

కామాక్షి సువార్త వైపు చూసింది. "కనపడితే కనపడిందిలే. ముందు దాన్ని ఇప్పేయ్ అమ్మణ్ణి. నా గడప లోపలికి ఆ గుడ్డతో రావద్దు."

చున్నీ గడప బయటే తీయించి, తన ఇంట్లోకి తీసుకెళ్ళి, తన ఆకుపచ్చ వాయిలు చీర కట్టింది. చలి తగ్గడానికి వేడి గంజిలో ఉప్పు వేసి తాగించింది. మాకందరికీ కూడా పోసింది. ఆ రోజు మా ఆదివారం ఆరాధన ఆమె ఇంటి పంచలోనే జరిగింది.  పాడటానికి వచ్చినవాళ్ళం పాడకుండానే ఆమెన్ అనుకున్నాం. కామాక్షి గుమ్మంలో నిలబడి చూసింది.

బయల్దేరేటప్పుడు చీర ఎలా పంపాలని అడిగాను.

"పంపబాకు. కట్టిన చీర వెనక్కి తీసుకోను," అంది.

మళ్ళీ గూడూరు

దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. దీనమ్మకి ఎలా చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? వాక్యాలు కూర్చుకుంటూ, చెరుపుకుంటూ ఉన్నాను. ఆ శ్రమ అక్కర్లేకపోయింది. రైలు ఆగగానే దీనమ్మ మా పెట్టె దగ్గరికి వచ్చింది. తెల్లబట్టలు ఇచ్చి పంపిన కూతురు ఎవరిదో ఆకుపచ్చ చీరలో దిగుతోంది. గులాబీ చెప్పులు కాళ్ళకి లేవు, ఒడ్డున ఏరి పెట్టుకున్న నా చేతి సంచిలోనే ఉండిపోయాయి. ఆమె ఆ కొంగు పట్టుకుని ఆపింది.

"ఎవురిదే ఈ చీర?"

సువార్త అక్కడే ప్లాట్‌ఫారం మీద నిలబడి మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. నేను పక్కన నిలబడ్డాను. దీనమ్మ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. విని, సంచిలోంచి చెప్పులు తీసి, కూతురి కాళ్ళ ముందు పెట్టి, వేసుకోమంది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆ తరువాత చాలా వారాలు ఆమె నాతో మాట్లాడలేదు. చర్చిలో ఆ చివర కూర్చునేది. ఆకుపచ్చ చీర ఉతికి దండెం మీద ఆరేస్తే మా వాకిట్లోంచి కనిపించేది. తప్పు ఎవరిదని అడిగితే చెప్పలేను. ఆమె భారం వేసింది నా మీద. నేను దాన్ని తెచ్చింది ఇంకొకరి తెప్ప మీద.

మొన్న మధ్యాహ్నం మిషను మీద ఉన్నాను. నిమ్మకాయల వాసన వచ్చింది. తలెత్తి చూస్తే దీనమ్మ. చంకలో ఒక కాగితం పొట్లం. దాన్ని మిషను బల్ల మీద పెట్టి విప్పింది. పచ్చటి గుడ్డ. బాగా పండిన నిమ్మకాయ రంగు. చూస్తే కళ్ళు చెదిరేంత పచ్చన.

"వచ్చే ఏడు మళ్ళా పోతానంటా ఉంది," అంది. "అయ్యగారితో చెప్పేసినా, తెల్లది ఎయ్యదు, ఇదే ఏసుకుంటదని. కొలతలు నీ కాడ ఉండాయి గదా."

 గుడ్డ మీద చెయ్యి వేశాను.

"చున్నీ పెద్దది కుట్టక్కా," అంది. "సముద్రంలో నించి కూడా కనపడాల."

ఆమె వెళ్ళాక కత్తెర అందుకున్నాను. నా భయం పోలేదు. ఆ సముద్రం చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. దీనమ్మ భయమూ పోయి ఉండదు. ఆ గుడ్డని ఒక్కపొరగా పరిచి, దేనితోనూ కలపకుండా, దానికి దాన్నే కత్తిరించాను.